“ప్రతి” పౌరుడా, పౌరుడు “మాత్రమే”నా?

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్ర రాజ్యాంగము పూర్వము వయోజనుడైన “ప్రతి పౌరుడును” వోటరని చెప్పుచుండెను. 2024 నవంబరులో ప్రజాభిప్రాయముచే నది “పౌరుడు మాత్రమే” యని మాఱినది. ఆనాడే మఱి యేడు రాష్ట్రము లిట్టి సవరణల నామోదించినవి.

అధ్యక్షుని, జాతీయ శాసనసభ్యుల నెన్నుకొనుటలో విదేశీయులు వోటు వేయుట 1996 నాటి చట్టముచేతనే నిషిద్ధము. కాలిఫోర్నియాలోని సాన్ ఫ్రాన్సిస్కో నగరము పౌరులు కాని తలిదండ్రులకు పాఠశాలా సంఘపు టెన్నికలలో వోటిచ్చినది. అట్టిది తమయొద్ద జరుగరాదనియే సవరణవాదుల పట్టుదల.

వోటు పౌరుని సొత్తనుట మాకును సమ్మతమే. కాని “ప్రతి” యన్నచో పౌరునికి హామీ. “మాత్రమే” యన్నచో నితరులకు కంచె. కంచె నాటుటకై హామీని పెఱుకనేల? మన రాజ్యాంగపు 326వ అధికరణము పౌరసత్వమును నియమముగా విధించుచునే, అర్హుడైన ప్రతి పౌరునికిని వోటరుగా నమోదగు హక్కు నొసగుచున్నది. ఇతరులను నివారించు తొందరలో హక్కుదారుని విస్మరింపరాదని మా యభిప్రాయము.