అవే గడపలకు మళ్లీ మళ్లీ

పై వీడియోలో నోట్‌బుక్కు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతున్నది నేనే. "ఇదేం సర్వే అన్నా?" అని చాలామంది అడిగారు.

ఈ పద్ధతి నాది కాదు. ఇప్పుడు మన రంగారెడ్డి జిల్లాలో ఉన్న అవురుపల్లి ఊరిని 1975లో ఇక్రిశాట్ వాళ్లు ఎంచుకున్నారు. 40 కుటుంబాలు: 30 సాగు చేసేవి, 10 కూలి మీద బతికేవి. ఊళ్లోనే మకాం పెట్టిన మనిషి మూడు నాలుగు వారాలకోసారి అవే గడపలకు వెళ్లి పంట, కూలి, అప్పు రాసుకునేవాడు. అలా పదేళ్లు నడిచింది, 2001లో మళ్లీ మొదలైంది. 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వే ఒక్కరోజులో అయిపోయింది. అది ఫొటో అయితే ఇది వీడియో.

నేను మాత్రం చేవెళ్ల, మొయినాబాద్ మధ్య 15 ఇళ్లే పట్టుకున్నా. ఎకరాలెన్ని, దిగుబడెంత, మందుల ఖర్చు తగ్గిందా? డిప్లొమా చదువు కదా, అంతకు మించి తట్టలేదు. ఒక అక్క ఇంట్లో జీవామృతంతో ఖర్చు బాగా తగ్గింది. "బాగుంది" అని రాసుకున్నా, వీడియో కూడా తీశా.

మూడో ఏడు వెళ్తే అక్క కసిరింది. "పైసలు మిగిలినయ్ తమ్మీ. పేడ ఎత్తుడు, మూత్రం పట్టుడు, డ్రమ్ములు కలుపుడు అన్నీ నా మీదనే పడ్డయ్. నా నడుం నొప్పి నీ బుక్కుల ఉన్నదా?"

లేదు. ప్రశ్నే లేదు. ఆ సాయంత్రమే 'ఎవరు, ఎన్ని గంటలు' అని కొత్త గడి గీశా. భూమి అమ్ముకుని పట్నం పోయిన రెండిళ్లను కూడా కొట్టేయలేదు, ఫోన్‌లో అడిగి రాస్తున్నా.

ఈ నెల అక్క గడిలో రోజుకు రెండు గంటలు. వాళ్లాయన గడి ఇంకా ఖాళీగానే ఉంది.