యుద్ధపు మోటారు సైకిలు: దాని చరిత్ర తెలిసికొనుట



నారాయణపేటకు చేరువనున్న యొక గ్రామమున, నా మిత్రుని పశువులకొట్టములో పాత మోటారు సైకిలు ఒకటి యున్నది. "పంతులుగారూ, మా నాయన మలయా యుద్ధమున నెక్కిన బండి యిది. దీని చరిత్ర వ్రాసి పెట్టుడు" అని యాతడు కోరెను. నేను తాళపత్రములు చదివినవాడనే గాని యంత్రములు తెలిసినవాడను గాను. అయినను తాళపత్రము చివర లేఖకుడు తన పేరును, తిథివారములను వ్రాసినట్లే, బండికిని లోహముపై గ్రుద్దిన సంఖ్య యుండునని తెలిసి, వెదక నారంభించితిని.

మడ్డి తుడువగా ఇంజనుపై డబ్ల్యు.ఎం.20 అను గుర్తును, దాని వెంట అంకెలును కానవచ్చినవి. ఇది ఇంగ్లండునందలి బర్మింగుహాము నగరమున బి.ఎస్.ఎ. వారు చేసిన ఎం.20 బండి. 496 ఘన సెంటీమీటర్ల ఇంజను గల యిట్టి బండ్లు రెండవ ప్రపంచ యుద్ధకాలమున సుమారు 1,26,000 తయారైనవి. సైన్యమున వార్తాహరులు వీనిపై లేఖలు కొనిపోవుచుండిరి.

ఇట్టి బండి చరిత్రకు సాక్షులు మూడు. మొదటిది చట్రముపై సంఖ్య. ఏ సంఖ్యగల బండిని ఏనాడు పంపిరో కర్మాగారమువారు పద్దులలో వ్రాసికొనిరి. ఆ పద్దులను చూచి చెప్పు పాత బండ్ల సంఘములు ఇంగ్లండున నున్నవి. సైనికుల మరమ్మతుశాలలలో ఒకదాని ఇంజను వేరొకదానికి బిగించుట పరిపాటి గనుక, చట్రమే ప్రధాన సాక్షి. రెండవది పెట్రోలు తొట్టిపై సి అను అక్షరముతో మొదలగు సైనిక సంఖ్య. మూడవది సేనావిభాగపు చిహ్నము. నాలుగవ భారత డివిజనుకు ఎఱ్ఱ గ్రద్ద, పదునేడవ డివిజనుకు నల్ల పిల్లి గుర్తులు. ఇవి రంగు పొరల అడుగున నుండిననే నమ్మదగును. పైపొరమీది గుర్తు, వెల పెంచుటకై నిన్న వ్రాసినదియు కావచ్చును.

చట్రపు సంఖ్య పంపగా, ఆ బండి 1943లో కర్మాగారము వెడలెనని ప్రత్యుత్తరము వచ్చెను. మలయా యుద్ధము 1941 డిసెంబరున మొదలై, 1942 ఫిబ్రవరి 15న సింగపూరు లొంగుటతో ముగిసెను. పుట్టని బండి పోరునకెట్లు పోవును?

మిత్రుని మొగము వాడెను. "అయినచో మా నాయన కల్లలాడెనా?" అనెను.

పెట్టెలోని కాగితములు వెదకితిమి. తండ్రిగారి సైనిక సేవాపత్రము దొరకెను. మలయా పోయిన మాట సత్యమే. దాని క్రిందనే, యుద్ధానంతరము మిగులు వాహనముల వేలమున బండి కొన్న రసీదును దొరకెను. ఆయన చెప్పిన కథలు రెండు. విన్న పిల్లలు వానిని ఒకటిగా ముడివేసిరి. ఆ ముడి విప్పుటచే తండ్రి గౌరవము తగ్గలేదు. విప్పకున్నచో, ఆ బండిని యుద్ధమున నిజముగా నడిపిన యెవరో సైనికుని కీర్తిని మనము హరించినవారమై యుందుము.

కావున పెద్దలారా, మీ యిండ్ల నిట్టి బండి యున్నచో ఆకురాయితో సంఖ్యలను గీకనీయకుడు; క్రొత్త రంగు పూయనీయకుడు. శాసనమునకు అచ్చు తీసినట్లు, సంఖ్యపై పలుచని కాగితముంచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయుడు. పాత కాగితములను చెదలపాలు చేయకుడు. ఇనుము తూకమునకు పోయిన వెనుక సాక్ష్యము మరల రాదు.