నడుమ నిలిచిన సొమ్ము

పంపినవాని ఖాతాలో సొమ్ము తగ్గి, పొందవలసినవాని ఖాతాలో చేరక నడుమ నిలిచిపోవుట, 2016లో యూపీఐ వచ్చిన పిదప మనలో ననేకులకు అనుభవమునకు వచ్చిన వింత. రెండు ఖాతాలును ఒకే డేటాబేసులో నున్నచో ఈ చిక్కు లేదు. ఖర్చును జమయు కలిసి ఒక్క లావాదేవీగా సాగును, నడుమ కరెంటు పోయినను లాగ్ చూచి సమస్తమును పూర్వస్థితికి తేవచ్చును. రెండు బ్యాంకులును, వాని నడుమ వార్తాహరుడైన ఎన్‌పీసీఐయు ఎవరి సర్వరులో వారు లెక్క వ్రాసికొనునపుడు ఆ సౌకర్యము పోవును.

దీనికి జిమ్ గ్రే 1978 నాటి రచనలో వివరించిన ఉపాయము రెండు దశల కమిట్: సమన్వయకర్త మొదట అందఱిని సిద్ధమేనా యని యడిగి, అందఱును సమ్మతించిన పిమ్మటనే కానిండని యాజ్ఞ యిచ్చును. ఉపాయము సొగసైనదే, కాని సమ్మతి తెలిపినవారు ఆజ్ఞకై యెదురుచూచుచుండగా సమన్వయకర్తయే కూలినచో, వారు ముందుకు పోజాలక, వెనుకకు మరలజాలక, లాకు వేసిన పద్దులతో నిలిచిపోవలసినదే.

1987లో ప్రిన్స్‌టన్‌నుండి హెక్టర్ గార్సియా-మోలినా, కెన్నెత్ సేలమ్ గారలు 'సాగా' అను మఱియొక మార్గము చూపిరి. పెద్దపనిని చిన్న లావాదేవీలుగా విభజించి, ప్రతిదానికిని పరిహారక్రియ నొకదానిని ముందే సిద్ధపఱచి, ఒక మెట్టు విఫలమైనచో జరిగినవాటికి వెనుకనుండి పరిహారము చేయుదురు. వారు ప్రధానముగా ఆలోచించినది దీర్ఘకాలము సాగు డేటాబేసు పనులను గూర్చియే. ఒక్కొక్క సేవకు వేఱువేఱు డేటాబేసు నుంచుకొను మైక్రోసర్వీసులవారు పిదప ఈ సాగా మార్గమును తమదిగా చేసికొనిరి.

పరిహారము చెఱిపివేత కాదు. పాస్‌పుస్తకములో ఖర్చు పద్దును నిలుచును, తిరుగుజమ పద్దును నిలుచును; నడిమి వేళలో తగ్గిన నిలువను చూచి వేఱొక చెల్లింపు తిరస్కరింపబడి యుండవచ్చును. వెళ్లిన ఎస్ఎంఎస్‌కు పరిహారమే లేదు గనుక అట్టి మెట్టును చివర నుంచుటయే వివేకము.

వైఫల్యముకంటె దుస్సహమైనది మౌనము. జవాబు రానంతమాత్రమున పని జరుగలేదనరాదు. జమ జరిగి, జవాబే దారిలో పోయియుండవచ్చును. మరల పంపిన రెండుమార్లు జమయగును. అందుచేత ప్రతి అభ్యర్థనకును ఒక విశిష్టసంఖ్య నిత్తురు. అదే సంఖ్య మరల వచ్చిన, సర్వరు పని చేయక పాత జవాబునే చెప్పును. పరిహారక్రియకును ఇదే నియమము, ఏలయన అదియు సఫలమగువఱకు మరల మరల పంపవలసినదే. ఎంతకాలమని? 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, జమకాని యూపీఐ బదిలీ సొమ్మును మఱునాటిలోగా తిరిగి చేర్చవలెననియు, జాగైన ప్రతిదినమునకు ఖాతాదారునకు రూ.100 ఈయవలెననియు శాసించినది.