దేవాలయముల తారతమ్యము

రోలుగుంట ప్రాంతపు పల్లెవాసికి దేవాలయముల తారతమ్యమును ఎవరును బోధింపనక్కరలేదు. ఊరి పొలిమేరను గ్రామదేవత, చోడవరమున స్వయంభూ విఘ్నేశ్వరుడు, అనకాపల్లిలో నూకాంబిక, ఆపైన సింహాచలమున వరాహలక్ష్మీనరసింహస్వామి. బిడ్డకు జ్వరము వచ్చినచో తల్లి మ్రొక్కు మొదట పొలిమేరలోని అమ్మవారికే. సింహాచలయాత్ర తీరిక దొరికినప్పటి మాట. దూరము పెరిగినకొలది కోవెల పెద్దదగుచుండును. అయితే ఈ పెద్దరికమును నిర్ణయించు కొలబద్ద ఏది?

పూర్వులు వాడిన కొలబద్దలలో ఒకటి పాట. ఆళ్వారులు పాశురములలో కీర్తించిన 108 క్షేత్రములు దివ్యదేశములైనవి. తెలుగునాట ఆ గౌరవము తిరుమలకును అహోబిలమునకును మాత్రమే దక్కినది. సింహాచలమున 11వ శతాబ్ది చివరినాటి చోళశాసనము కలదు. వైశాఖ శుద్ధ తదియనాడు స్వామి నిజరూపదర్శనమునకు జనులు తండోపతండములుగా వత్తురు. ఐనను ఆళ్వారులు పాడలేదు గనుక ఆ పట్టికలో దానికి చోటు లేదు. మరియొక కొలబద్ద పురాణము. దానిని బట్టి ద్రాక్షారామము పంచారామములలోను, అష్టాదశ శక్తిపీఠములలోను గణనకెక్కినది.

ప్రభుత్వపు కొలబద్ద వేరు. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ దేవాదాయ చట్టము, 6వ సెక్షనున, వార్షికాదాయమును బట్టి ఆలయములను మూడు తరగతులుగా విభజించినది. సవరణల పిమ్మట 25 లక్షల రూపాయలకు మించిన ఆదాయము గలవి మొదటి తరగతి. 2 లక్షల నుండి 25 లక్షల వరకు గలవి రెండవది. అంతకు లోపువి మూడవది. తిరుమల తిరుపతి దేవస్థానములకు ఆ చట్టముననే ప్రత్యేకాధ్యాయము కలదు. పాటకు అందని సింహాచలము ఇచట మొదటి వరుసను నిలిచినది.

ఇట్టి శ్రేణీవిభజన జపానులోని షింటో ఆలయములకును ఉండెను. 927లో పూర్తియైన ‘ఎంగిషికి’ అను నిబంధనసంపుటమున 2,861 ఆలయముల పట్టిక కలదు. వానిలో 573 ఆలయములకు రాజధానిలోని దేవతాకార్యశాఖయు, తక్కిన 2,288 ఆలయములకు ఆయా రాష్ట్రపాలకులును కానుకలు సమర్పింపవలెను. అనగా అచట అంతస్తు ఆలయపు రాబడిని గాక, ఆలయము పట్ల ప్రభుత్వమునకు గల బాధ్యతను తెలిపెడిది. తరువాతి కాలమున 22 ఆలయములు రాజాస్థానపు విశేషాదరము పొందినవి. రాష్ట్రమునకొకటి ‘ఇచినోమియా’, అనగా ప్రథమాలయము, వెలసినది. 1871లో మెయిజీ ప్రభుత్వము క్రొత్త శ్రేణులు కల్పించి, ఇసే మహాలయమును వానికన్నిటికి అతీతముగా నుంచెను. రెండవ ప్రపంచయుద్ధమున ఓడిన పిమ్మట, 1946లో, ఆ శ్రేణులు రద్దయ్యెను. ఇసే యాత్ర మాత్రము ఆగలేదు.

కవి, పౌరాణికుడు, రాజు, ఖజానా: ఎవరి కొలబద్ద వారిది. కొలబద్ద మారినచో వరుసయు మారును. ఆదాయమే కొలబద్దయైనచోట దీపపు నూనెకు ఇబ్బంది పడునది చివరి తరగతి గుడియే. ఆ లోటును తీర్చుటకే ధూపదీప నైవేద్య పథకము ఏర్పడినది.

ఉపాధ్యాయులు ఒకనాడు పిల్లలను ఊరి గుడికి తోడ్కొనిపోయి, స్తంభముపై అక్షరములున్నవా, మాన్యమెంత, నిత్యదీపము పెట్టునది ఎవరు అను సంగతులు వ్రాయించిన మేలు. ఏ పట్టికలోను ఆ గుడి పేరు లేకపోవచ్చును. జ్వరముతో నున్న బిడ్డ తల్లికి మాత్రము అదియే ప్రథమాలయము.