మెదడు గాయము, నిద్రలేమి, మందు బానిసత్వము: కాపరి గ్రహింపవలసినది

ప్రమాదములో తలకు దెబ్బ తగిలిన విశ్వాసికి వైద్యుడు నొప్పి తగ్గుటకు ట్రమడాల్ వంటి ఓపియాయిడ్ మాత్రలు వ్రాయవచ్చును. నొప్పి తగ్గిన తరువాతను వాటిని మానలేనివానిని చూచి, విశ్వాసము చాలదని మనము త్వరపడి తీర్పు తీర్చుచున్నాము.

నుదుటి వెనుకనున్న మెదడు భాగము కోరికను అదుపు చేయును, పర్యవసానమును తూచును. గాయము దానిని బలహీనపరచినప్పుడు "వద్దు" అనగల శక్తియే తగ్గును. ఓపియాయిడ్లు మోతాదు మించినచో శ్వాసను అణచును. ప్రాణవాయువు అందక మెదడు మరల గాయపడును.

నిద్రలేమి మూడవ ముడి. నిద్ర చాలనివారికి నొప్పి ఎక్కువగా తెలియును, నిగ్రహము సన్నగిల్లును. ఈ మందులు గాఢనిద్రను తగ్గించును. మానిన తరువాత వారముల తరబడి నిద్ర పట్టకపోవచ్చును. అనేకులు మరల పడిపోవునది అప్పుడే. అప్పటికి శరీరపు అలవాటు తగ్గియుండును గనుక పాత మోతాదే ప్రాణము తీయగలదు.

ఇది పాపమును గూర్చిన బోధను కొట్టివేయదు. బాధ్యత మోయగల స్థితికి మనిషిని తెచ్చుటయు పరిచర్యయే అని చూపును. బదరీవృక్షము క్రింద చావు కోరి నిద్రించిన ఏలీయాను (1 రాజులు 19) దూత గద్దింపలేదు. ఆహారమిచ్చి, మరల పండుకొననిచ్చెను. హోరేబు ప్రయాణము ఆ తరువాతనే.

కాబట్టి కోలుకొనుచున్నవానిని రాత్రంతయు జరుగు ప్రార్థనకు పిలువక, పగటివేళ వానితో ప్రార్థించుడి. తలకు ఎప్పుడైనను దెబ్బ తగిలెనా, నిద్ర ఎట్లున్నది అని అడుగుడి. బ్యుప్రెనార్ఫిన్ వంటి చికిత్స మందును వైద్యుని అడుగక మానుమని చెప్పకుడి. మరల పడినవానికి మందిరపు తలుపు మూయకుడి.