కత్తి పెట్టకుండా చర్మం బిగుస్తుందా?



ముఖం వయసు దాచినా మెడ దాచదని మనలో మనం చెప్పుకుంటూ వుంటాం. ముఖానికి పౌడరు రాస్తాం, క్రీము రాస్తాం, పండగపూట పసుపూ సెనగపిండీ పట్టిస్తాం. మెడ దగ్గరికి వచ్చేసరికి గొలుసు వేసుకోవడంతో సరి. నలభై దాటాక ఏ పెళ్ళి ఫోటోలోనో చూసుకుంటే గడ్డం కింద చర్మం వదులై, దవడ గీత చెరిగిపోయి, మెడమీద అడ్డగీతలు కనిపిస్తాయి. సరిగ్గా అప్పుడే పేపరులోనూ ఫోనులోనూ ఒక ప్రకటన తగులుతుంది. కోత లేదు, కుట్లు లేవు, గంటలో ఇంటికి వెళ్ళిపోవచ్చు, చర్మం బిగుతుగా అయిపోతుంది అని. అందులో నిజం ఎంత అన్నది ఇవాళ్టి ముచ్చట.

ముందే ఒక మాట చెబుతాను. ముఖం బాగుండాలని కోరుకోవడం తప్పని నే ననను. "ఈ వయసులో నీకెందుకే" అనేవాళ్ళు చాలామంది తమ తలకు రంగు వేసుకుంటూనే అంటారు. కాకపోతే, బజారులో వంకాయలు గిల్లి చూసి కొనేవాళ్ళం, ముఖానికి వేలకు వేలు పోసేటప్పుడు గిల్లి చూడకపోతే ఎలా చెప్పండి?

అసలు చర్మం ఎందుకు వదులవుతుంది? మన పాత ఇళ్ళల్లో నవారు మంచం వుండేది, గుర్తుందా? కొత్తగా అల్లినప్పుడు డప్పులా బిగుతుగా వుండి, వాడగా వాడగా మధ్యలో గుంట పడేది. చర్మంలో పైకి కనబడేది పల్చటి పొర. దాని కింద మందపాటి పొరలో కొలాజెన్ అనే పీచు అల్లుకుని వుంటుంది. అదే మన నవారు. లాగితే సాగి మళ్ళీ యథాస్థానానికి వచ్చే గుణం మాత్రం ఎలాస్టిన్ అనే ఇంకో పీచుది. ఇరవైలు దాటినప్పటినుంచీ ఈ కొలాజెన్ ఏడాదికి సుమారు నూటికి ఒక వంతు చొప్పున తగ్గుతూ వస్తుంది. ఆడవాళ్ళకు బహిష్టులు ఆగిపోయాక మొదటి 5 ఏళ్ళలోనే నూటికి 30 వంతుల దాకా పోతుందని చర్మ వైద్యులు చెబుతారు. యాభై ఏళ్ళప్పుడు "ఉన్నట్టుండి ముసలిదాన్ని అయిపోయానే" అనిపించడం వట్టి భ్రమ కాదన్నమాట.

కాని మంచానికి నవారు ఒక్కటే కాదు కదా. పైన పరుపు వుంది, కింద చట్రం వుంది. ముఖంలోనూ అంతే. బుగ్గల్లోని కొవ్వు కిందికి జారుతుంది, దవడ ఎముక కూడా వయసుతో కొంత అరుగుతుంది. మెడలో పల్చటి కండరం ఒకటి వుంది, దాని అంచులు విడిపోయి రెండు తాళ్ళలాగా నిలబడతాయి. నవారు బిగించినంత మాత్రాన జారిన పరుపు పైకి రాదు, అరిగిన చట్రం పెరగదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే ప్రకటనల్లో సగం అబద్ధాలు మీరే పట్టేస్తారు.

ఇక ఆ యంత్రాలు చేసే పని చూద్దాం. పేర్లు ఎన్ని వున్నా కిటుకు ఒక్కటే, వేడి. పై చర్మం కాలకుండా లోపలి పొరకు వేడి తగిలించడం. 60 డిగ్రీల సెంటిగ్రేడుకు అటూ ఇటూ వేడి తగిలితే కొలాజెన్ ముడుచుకుంటుంది. ఉన్ని స్వెట్టరు తెలియక వేడినీళ్ళలో నానబెడితే పిల్లవాడికి కూడా పట్టనంత కుంచించుకుపోతుంది చూడండి, అలాగన్నమాట. అది మొదటి ఫలితం. రెండోదే ముఖ్యం. లోపల చిన్నచిన్న వేడిగాయాలు తగిలాయని శరీరం గ్రహించి, మరమ్మతు కోసం కొత్త కొలాజెన్ అల్లడం మొదలుపెడుతుంది. ఆ అల్లిక పూర్తి కావడానికి 2, 3 నెలలు, కొందరికి 6 నెలలు పడుతుంది.

ఈ వేడిని పుట్టించే పద్ధతుల్లో మొదటిది రేడియో ఫ్రీక్వెన్సీ. పేరులో రేడియో వుంది కదా అని నాకు కొంచెం అభిమానం! నిజంగానే మన పాత సెట్టులో మీడియం వేవు, షార్టు వేవు అంటామే, ఆ జాతి తరంగాలే ఇవి. చర్మం గుండా పోతుంటే లోపల వేడి పుడుతుంది. అమెరికాలో మందులనూ వైద్య పరికరాలనూ పరీక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్.డి.ఏ. వుంది. థర్మేజ్ అనే ఈ రకం యంత్రానికి 2002లో కళ్ళచుట్టూ ముడతల కోసం అది అనుమతి ఇచ్చింది.

రెండోది అల్ట్రాసౌండు. కడుపులో బిడ్డను చూసే స్కానింగు వుందే, ఆ ధ్వని తరంగాలే. కాని ఎండను భూతద్దంతో ఒక చుక్క దగ్గరికి చేర్చి కాగితం కాల్చినట్టు, ఇక్కడ ధ్వనిని ఒక చుక్క దగ్గరికి చేరుస్తారు. చర్మం కింద 1.5, 3, 4.5 మిల్లీమీటర్ల లోతుల్లో ఆ చుక్కలు పడతాయి. ముఖం ఎత్తే ఆపరేషనులో సర్జన్లు పట్టి లాగే పొర సుమారు ఆ 4.5 మిల్లీమీటర్ల దగ్గరే వుంటుంది. అల్థెరపీ అనే యంత్రానికి ఎఫ్.డి.ఏ. 2009లో కనుబొమలు ఎత్తడానికీ, 2012లో గడ్డం కిందా మెడకూ అనుమతి ఇచ్చింది. దానిలో డాక్టరు తెరమీద లోపలి పొరలను చూస్తూ పని చేస్తారు. హైఫూ అని పార్లర్లలో తిరుగుతున్న చౌక యంత్రాలు చాలావాటికి ఆ తెర లేదు. చీకట్లో సూది గుచ్చినట్టే మరి.

సన్నటి సూదులు గుచ్చి వాటి కొసల్లోంచి రేడియో వేడిని పంపే పద్ధతి కూడా వుంది. దీనివల్ల కాలిన గాయాలు, మచ్చలు, కొవ్వు కరిగి గుంటలు పడటం, నరాలు దెబ్బతినడం జరుగుతున్నాయని ఎఫ్.డి.ఏ. 2025 అక్టోబరులో హెచ్చరిక చేసింది. ఇది వైద్య చికిత్స, ఇంట్లో చేసుకునేది కాదని కూడా చెప్పింది. సూదుల పరికరాలు ఇంటికే తెప్పించుకుని పొడుచుకునే పిల్లలు మీ ఇంట్లో వుంటే ఈ మాట వాళ్ళ చెవిన వెయ్యండి.

ఇంతకీ ఫలితం ఎంత? అద్దం ముందు నిలబడి, చెవి దగ్గర రెండు వేళ్ళు పెట్టి చర్మాన్ని వెనక్కి లాగి చూసుకుంటాం, మనందరికీ వున్న అలవాటే. అలా లాగితే కనిపించేది ఆపరేషను ఫలితం. యంత్రం ఇచ్చేది అందులో కొద్ది భాగమే. సడలింపు ఇప్పుడిప్పుడే మొదలైనవాళ్ళకు దవడ గీత కొంచెం తేరుకుంటుంది, గడ్డం కింద కొంచెం బిగుస్తుంది. బాగా వేలాడే చర్మానికి, ముఖ్యంగా గబగబా చాలా బరువు తగ్గినవాళ్ళకు, తేడా దాదాపు కనిపించదు. కొందరిలో ఏమీ జరగదు కూడా. వచ్చిన ఫలితం ఏడాది, మహా అయితే ఏడాదిన్నర నిలుస్తుంది, వయసు ఆగదు గనుక. ఖర్చంటారా, యంత్రాన్నిబట్టి, ఊరునిబట్టి కొన్ని వేల రూపాయలనుంచి లక్ష పైచిలుకు దాకా.

మా వదినగారి సంగతి చెబుతాను. కూతురి పెళ్ళి మూడు వారాలుందనగా ఒక క్లినిక్కుకు వెళ్ళారు. పెళ్ళినాటికి పదేళ్ళు తగ్గిపోతారన్నారట. వాయిదాల మీద కట్టవచ్చని కాగితం కూడా చేతిలో పెట్టారు. మోకాలి వైద్యానికని దాచుకున్న చీటీ డబ్బు వుంది ఆవిడ దగ్గర. "నువ్వేమంటావే అమ్మాయ్, పీటలమీద అందరూ నా మెడే చూస్తారు" అన్నారు. "చూస్తే చూడనివ్వండి" అని నేను అనలేదు. ఆవిడ బాధ ఆవిడది. "కొత్త పీచు అల్లుకోవడానికే మూడు నెలలు కావాలి వదినా, మూడు వారాల్లో ఎలా అవుతుంది?" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "అయితే సీమంతానికి చేయించుకుంటాలే" అన్నారు నవ్వుతూ. తరవాత చర్మ వైద్యుల దగ్గరికే వెళ్ళి అడిగారు. ఆవిడది సన్నటి ముఖం. లోపలి వేడికి వున్న కాస్త కొవ్వూ కరిగితే బుగ్గలు లోపలికి పోయి ఇంకా పెద్దగా కనిపిస్తారని ఆ డాక్టరమ్మ చెప్పారట. క్లినిక్కులో ఆ ముక్క ఎవరూ అనలేదు.

మన ఛాయ సంగతి కూడా మరిచిపోకూడదు. మన చామనఛాయ చర్మానికి గాయం ఏది తగిలినా మానిన చోట నల్లమచ్చ మిగులుతుంది. దోసె పెనం తగిలిన చేతిని చూసుకోండి, తెలుస్తుంది. చర్మంలోని రంగును వెతుక్కుని వేడెక్కే లేజర్లతో మనకు ఆ ప్రమాదం ఎక్కువ. రేడియో తరంగాలకూ, అల్ట్రాసౌండుకూ రంగుతో పని లేదు గనుక ఆ మేరకు నయం. అయినా వేడి మోతాదు మించితే అవి కూడా కాలుస్తాయి. చికిత్స తరవాత కొద్ది రోజులు ఎరుపు, వాపు, తిమ్మిరి మామూలే. నొప్పి కూడా వుంటుంది, దవడ ఎముక మీదుగా పోతున్నప్పుడు మరీనూ. అరుదుగా నరానికి వేడి తగిలి నవ్వు ఒక పక్కకు వంకర పోవడం వుంది. చాలావరకు వారాల్లోనో నెలల్లోనో సర్దుకుంటుంది. కాని ఆ నెలలు భరించాలి కదా.

గుండెకు పేస్‌మేకరు వున్నవాళ్ళు రేడియో ఫ్రీక్వెన్సీ జోలికి పోకూడదు. గర్భిణులు ఏదీ చేయించుకోకూడదు. ముఖంలోనో మెడలోనో లోహపు ప్లేట్లు వుంటే ముందే చెప్పాలి. వెళ్ళినచోట మొహమాటపడకండి. యంత్రం పట్టుకునేది ఎవరు, చర్మ వైద్యం చదివిన డాక్టరా, నాలుగు రోజుల తర్ఫీదు పొందిన అమ్మాయా? యంత్రం పేరేమిటి? నాలాంటి ముఖానికి ఎంత తేడా వస్తుంది, రాకపోతే ఏమిటి? ఇవి అడగండి. వాళ్ళు చూపించే ముందూ తరవాతా ఫోటోలలో వెలుతురు ఒక్కలా వుందా, గడ్డం ఒకే ఎత్తులో వుందా చూడండి. గడ్డం అంగుళం పైకెత్తితే ఎవరి మెడ అయినా బిగుసుకుంటుంది! గడ్డం కింద సంచిలా వున్నది చర్మమా, కొవ్వా అని కూడా తేల్చుకోవాలి. కొవ్వయితే దాని వైద్యం వేరు.

ఇంట్లో చేసుకునేవాటి మాట. గుడ్డు తెల్లసొన, ముల్తానీమట్టి రాసుకుంటే బిగుతుగా అనిపించేది ఆరేటప్పుడు పైపొరను లాగడంవల్ల. కడుక్కోగానే ఆ బిగుతూ నీళ్ళతో పోతుంది. కొలాజెన్ క్రీములలో వుండే కొలాజెన్ అణువు చర్మంలోకి దిగలేనంత పెద్దది. తాగే కొలాజెన్ పొడి మీద 2025లో ఒక సమీక్ష వచ్చింది, కంపెనీల డబ్బు తీసుకోని పరిశోధనల్లో లాభం కనిపించలేదని తేలింది. ముఖానికి కసరత్తు అంటారా, 2018లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం వారు 20 వారాలు చేయించి చూస్తే బుగ్గలు కొంచెం నిండుగా అయ్యాయి. కాని చివరిదాకా నిలిచినవాళ్ళు 16 మంది. మొదటి 8 వారాలు రోజూ అరగంట చెయ్యాలి. మనకి అరగంట దొరికితే నిద్రపోమూ?

నిజంగా పనికివచ్చేది ఎండనుంచి కాపుదల. 2012లో అమెరికా వైద్య పత్రిక ఒకటి ఒక లారీ డ్రైవరు ఫోటో వేసింది. ఆయనకు 69 ఏళ్ళు. 28 ఏళ్ళు బండి నడిపాడు. కిటికీ వైపున్న ఎడమ చెంప దళసరిగా, ముడతలు ముడతలుగా వుంటే కుడి చెంప ఎంతో చిన్నవాడిదిలా వుంది. కొలాజెన్‌ను పాడుచేసే ఎండ కిరణాలు కిటికీ అద్దంలోంచి కూడా దూసుకువస్తాయి మరి. ఆస్ట్రేలియాలోని నంబౌర్‌లో తొమ్మిది వందల మంది మీద నాలుగున్నర ఏళ్ళు చూశారు. రోజూ సన్‌స్క్రీను రాసుకున్నవాళ్ళ చర్మం ముదరడం తక్కినవాళ్ళకన్నా నూటికి 24 వంతులు తక్కువగా వుందని 2013లో తేల్చారు. ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గనిది, రెండు వేళ్ళ పొడుగున పిండి, ముఖానికీ మెడకూ కలిపి రాయండి. ముడి వేసుకున్నప్పుడు మెడ వెనుక భాగమూ ఎండకు దొరుకుతుంది, దాన్నీ వదలకండి. బయటికి వెళితే గొడుగు. రాత్రిపూట రాసే ట్రెటినాయిన్ అనే మందును ఎండవల్ల వచ్చే సన్న ముడతల కోసం అమెరికాలో 1995లో ఆమోదించారు. డాక్టరు చీటీమీదే వాడాలి, గర్భిణులు వాడకూడదు. మొదట్లో చర్మం మండి పొట్టు లేస్తుంది, నెలల తరబడి ఓపిక పట్టాలి.

ఇంకొకటి. తెల్లబడటానికని మందుల షాపుల్లో తెచ్చుకునే క్రీములలో కొన్నింట్లో స్టెరాయిడు వుంటుంది. 2018లో మన కేంద్ర ప్రభుత్వం డాక్టరు చీటీ లేకుండా అలాంటి పూతలు అమ్మకూడదని నిబంధన తెచ్చినా, అడిగితే ఇచ్చేస్తూనే వున్నారు. నెలలూ ఏళ్ళూ రాస్తే చర్మం ఉల్లిపొరలా పల్చబడి, ఎర్ర నరాలు బయటికి కనిపిస్తాయి. అలా పల్చబడినదాన్ని బిగించాలని యంత్రం దగ్గరికి వెళ్ళేవాళ్ళూ వున్నారు. ట్యూబుమీద బీటామెథసోన్ అనో, క్లోబెటసాల్ అనో, మొమెటసోన్ అనో వుందేమో ఇవాళే చదివి చూడండి. వుంటే ఒక్కసారిగా మానేయకండి, ముఖం ఎర్రబడి మంటలెత్తుతుంది. ట్యూబు చేతిలో పట్టుకుని చర్మ వైద్యుల దగ్గరికి వెళ్ళండి, ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్ళు చెబుతారు.