చూడి గేదె బేరంలో అడగని ప్రశ్న

గుంటూరు : మిర్చి యార్డులో తాలుకాయ ధర వేరు, మేలుకాయ ధర వేరు. పత్తిలో తేమ 8 శాతం దాటితే సి.సి.ఐ. ధర తగ్గిస్తుంది, 12 దాటితే కొనదు. ఇంత నిక్కచ్చిగా సరుకు అమ్ముకున్న రైతే ఆ డబ్బుతో చూడి గేదెను కొనబోయి పొదుగు చూస్తాడు, పళ్లు చూస్తాడు, ఎన్నో ఈతో అడుగుతాడు. కండువా కింద వేళ్లు పట్టుకొని బేరం ముగిస్తాడు. గేదె మునుపు ఎప్పుడైనా ఈసుకుపోయిందా అని మాత్రం అడగడు. అడిగినా నిజం చెప్పే దళారి అరుదు.

పల్లెల్లో ఈసుడు రోగమని పిలిచేది పశువైద్యుల భాషలో బ్రూసెల్లోసిస్. 1897లో డెన్మార్కులో బాంగ్ ఆవులలో దీని క్రిమిని కనుగొన్నందున బ్యాంగ్స్ వ్యాధి అని కూడా అంటారు. మనిషికి సోకితే మాల్టా జ్వరం. ఆ దీవిలో సైనికుల ప్రాణాలు తీసిన జ్వరానికి కారణమైన క్రిమిని డేవిడ్ బ్రూస్ 1887లో వెల్లడించాడు. అది మేకపాల ద్వారా వస్తున్నదని 1905లో గాని తేలలేదు.

నష్టం లెక్క చూద్దాం. గేదె చూడికాలం సుమారు పది నెలలు. ఈ రోగంలో చివరి నెలల్లోనే ఈసుకుపోతుంది. అంటే చెక్క, గింజలు, చొప్ప ఖర్చు అప్పటికే అయిపోయింది. దూడ లేదు, మాయ పడక జబ్బు, పాలు అంతంతమాత్రం. ఎండదెబ్బ అనో, పక్క గేదె కుమ్మిందనో సరిపెట్టుకొని తరువాతి సంతకు తోలేస్తారు. నిజమే, ఈసుకుపోయిన ప్రతి గేదెకూ ఇదే రోగమని చెప్పలేము. రక్తపరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

అసలు చిక్కు తరువాత వున్నది. ఒకసారి ఈసుకుపోయిన గేదె మళ్లీ చూడి కట్టి మామూలుగానే ఈనవచ్చు. కొన్నవాడు సంతోషిస్తాడు. కాని మాయలో, పాలలో క్రిమి పోతూనే వుంటుంది, పాకలోని మిగతా పశువులకు అంటుతుంది. బ్యాలెన్సు షీటులో చూపని బాకీ వంటిదిది. పాలు కాచి తాగితే భయం లేదు. వట్టి చేతులతో మాయ తీసినవారికే ప్రమాదం : వచ్చిపోయే జ్వరం, చెమటలు, కీళ్ల నొప్పులు. మందులు వారాల తరబడి వాడాలి. మాయను, చచ్చిన దూడను కుక్కల పాలు చేయక సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి.

4 నుంచి 8 నెలల ఆవు, గేదె పెయ్యలకు ఒక్కసారి టీకా వేయించితే చాలు. 2019లో కేంద్రం ప్రారంభించిన పశువ్యాధుల నియంత్రణ పథకంలో ఈ టీకాను చేర్చారు. కొత్తగా కొన్న గేదెను పరీక్ష ఫలితం వచ్చేవరకు విడిగా కట్టడం మేలు. పరీక్ష చీటీ వున్న గేదెకు నాలుగు రూకలు ఎక్కువ పలికిన సంతను మాత్రం ఈ విలేకరి ఇంకా చూడలేదు.